అప్పా అని పిలిస్తే ఎవరు పలకాలి?

ఇందాక అరుగు మీద మీ ఇద్దరి వాదులాట విన్నానర్రా. ఇలా వచ్చి మంట దగ్గర కూర్చోండి. ఆ సరుగుడు పుల్లలు నాలుగు లోపలికి ఎగదొయ్యండి, రాజుకుంటాయి.

అమ్మలూ, నువ్వు చూసే కొరియా సీరియల్లో "అప్పా" అంటే నాన్న. "ఒప్పా" అంటే ఆడపిల్ల తన అన్నని పిలిచే పిలుపు. నువ్వన్నది నిజమే. చిన్నోడా, ఎదురింటి ఒడియా పిల్లాడు వాళ్ల అక్కని "ఒపా" అంటాడన్నావు. అదీ నిజమే. మరి మన ఇంట్లోనేమో మీ అమ్మని మీ మావయ్య "అప్పా" అని కేకేస్తాడు. ఇంతకీ ఈ మాట ఎవరిదని కదా మీ తగువు? తెలుగు మాస్టరుగా బతికినవాణ్ని, పైగా పుట్టింది, పెరిగింది ఈ ఒడిశా బరంపురంలోనే. ఈ తగువు నేను తీర్చకపోతే ఇంకెవరు తీరుస్తారు? వినండి.

ముందు మన ఇంటి సంగతి. ఇక్కడ గంజాంలో, అక్కడ ఇచ్ఛాపురం నుంచి శ్రీకాకుళం, విజయనగరం దాకా అప్ప అంటే అక్కే. పెద్దావిడైతే పెద్దప్ప, ఆ తర్వాతది చిన్నప్ప. హైదరాబాదు నుంచి వచ్చిన మీ స్నేహితులకి ఇది కొత్తగా ఉంటుంది గానీ, వాళ్ల నోట్లో కూడా ఈ మాట దాక్కునే ఉంది. "అప్పచెల్లెళ్లు" అంటారు కదా? అక్కచెల్లెళ్లు అన్నా, అప్పచెల్లెళ్లు అన్నా ఒకటే. మిగతా ఊళ్లు జంటమాటలో దాచుకున్నదాన్ని మనవాళ్లు రోజూ పిలుపులో వాడుకున్నారు.

అయితే ఇదే నేలమీద అప్పకి ఇంకో అర్థం కూడా ఉంది. సింహాచలం దేవుణ్ని మనం ఏమంటాం? సింహాద్రి అప్పన్న. ఆయన పేరు పెట్టుకున్న అప్పలస్వాములు, అప్పలరాజులు, అప్పలనర్సమ్మలు మన వైపు వీధికి ఇద్దరైనా ఉంటారు. కన్యాశుల్కం రాసిన గురజాడ అప్పారావు గారి పేరులోనూ ఉన్నది అదే అప్ప. ఆ అప్ప అక్క కాదు. తండ్రి, ప్రభువు, పెద్ద అని. ఒకే ఇంట్లో కొడుకు పేరు అప్పన్న, వాడు తన అక్కని పిలిచే పిలుపు అప్పా. ఎవరూ తికమకపడరు. పేరులో ఉన్నప్పుడు ఒక గౌరవం, పిలుపులో ఉన్నప్పుడు ఇంకో చనువు.

ఇంకాస్త దక్షిణానికి వెళ్తే అర్థం పూర్తిగా తండ్రి వైపుకి తిరుగుతుంది. తమిళంలో అప్పా అంటే నాన్న. కన్నడంలో అప్ప అంటే నాన్న, మగవాళ్ల పేర్ల చివర గౌరవానికి తగిలించేదీ అదే. తిరుమల వెంకన్నని కన్నడిగులు తిమ్మప్ప అంటారు. మలయాళంలో అప్పన్ తండ్రి, కొన్ని చోట్ల అప్పచ్చి అంటే మేనత్త. మన దగ్గర అప్పచ్చి అంటే పసిపిల్లల చేతిలో పెట్టే తినుబండారం! మంగళూరు వైపు తుళు భాషలో అప్పె అంటే ఎవరో తెలుసా? తల్లి. మన రాయలసీమలో అబ్బ అంటే తాత.

చూశారా మరి, ఒక్క ద్రావిడ కుటుంబంలోనే తమిళుడికి తండ్రి, తుళువాడికి తల్లి, గంజాం తెలుగువాడికి అక్క. ఇవన్నీ ఎలా కలుస్తాయంటారా? అందరిలోనూ ఉన్నది ఒక్కటే: నాకంటే ముందు పుట్టి, నన్ను చెయ్యి పట్టుకు నడిపించిన మనిషి. ఆ మనిషి ఏ ఇంట్లో ఎవరైతే వాళ్లమీద ఆ పిలుపు వాలింది.

మా ఇంట్లో ఆ మనిషి మా పెద్దప్ప. మా అమ్మకి ఒంట్లో బాగుండేది కాదు. మాకు అన్నం కలిపి పెట్టింది, తల దువ్వింది, పలక మీద అక్షరాలు దిద్దించింది అన్నీ ఆవిడే. అప్పట్లో మా ఇల్లు నేతవాళ్ల వీధి పక్కన. తెల్లారకుండానే మగ్గాల చప్పుడు మొదలయ్యేది. పక్క వాటాలో ఒక ఒడియా కుటుంబం ఉండేది. వాళ్ల చిన్నపిల్లాడు నా ఈడువాడు. నేను "అప్పా, ఆకలి" అని అరిస్తే, వాడు గోడ అవతలి నుంచి "ఒపా" అని అరుస్తూ పరిగెత్తుకొచ్చేవాడు. ఒడియాలో రాసేది అపా అనే. అయితే వాళ్ల అకారం మన ఒకారంలాగా గుండ్రంగా పలుకుతుంది కాబట్టి చెవికి ఒపా అని వినపడుతుంది. అర్థం మాత్రం అచ్చంగా మనదే: అక్క. మా పెద్దప్ప ఇద్దరికీ చెరో ముద్ద పెట్టేది. పోనుపోను వీధి పిల్లలందరికీ ఆవిడ ఒపా అయిపోయింది. ఆవిడ అసలు పేరు రేషన్ కార్డులో తప్ప ఇంకెక్కడా వినపడేది కాదు.

నేనేమో వాళ్ల పెద్దమ్మాయిని "నానీ" అనేవాణ్ని. ఒడియాలో నానీ అన్నా అక్కే, మన గంజాం ఒడియా ఇళ్లల్లో చాలా ఎక్కువగా వినపడే పిలుపు. హిందీ వాళ్లకి నానీ అంటే అమ్మమ్మ. ఉత్తరాది నుంచి బదిలీ మీద వచ్చిన ఒక గుమాస్తాగారు, పదిహేనేళ్ల పిల్లని పట్టుకుని నేను నానీ అంటుంటే తెల్లబోయి చూసేవాడు. మా నాన్న ఆయన్ని కూర్చోబెట్టి, ఈ ఊళ్లో వరసలు ముందు నేర్చుకోండి, లెక్కలు తర్వాత చూద్దురు గాని అని నచ్చజెప్పాడు.

వరసలు ఇలా కలగలిసిపోవడం మన ఇంటితో మొదలైంది కాదు నాయనా. ఋషికుల్య ఒడ్డున జౌగడ ఉంది, మీ నాన్న కారులో వెళ్తే ఒక్క పూటలో చూసి రావచ్చు. క్రీస్తుకి ముందు మూడో శతాబ్దంలో అశోకుడు అక్కడి కొండరాయి మీద ప్రాకృతంలో శాసనాలు చెక్కించాడు. ప్రజలంతా నా బిడ్డలు అనే భావం వాటిలో ఉంది. రాజు కూడా జనానికి చెప్పుకోవలసి వచ్చినప్పుడు చుట్టరికమే కలిపాడు. ఆ ప్రాకృత భాషల్లోనూ "అప్పా" అనే మాట ఉంది. అయితే అది వేరే చెట్టు. సంస్కృతంలో ఆత్మ అనేది ప్రాకృతంలో అత్తా అని, అప్పా అని రెండు రకాలుగా మారింది. అప్పా అంటే తాను, తన ఆత్మ. జైనుల గ్రంథాల్లో కనిపిస్తుంది. ఆ దారిలో వచ్చినదే హిందీవాళ్ల ఆప్, ఒడియావాళ్ల ఆపణ. రెండింటికీ అర్థం మీరు అని. మన వీధిలో ఒడియా పెద్దాయన ఎవరినైనా "ఆపణ" అని మన్నించి మాట్లాడుతున్నాడంటే, ఆ పలుకులో ఆత్మ అనే మాట ఉందన్నమాట.

ఆ తర్వాత వచ్చిన గంగవంశ రాజులు ముఖలింగం నుంచి ఏలారు. అదే వంశానికి చెందిన అనంతవర్మ చోడగంగు పూరీ జగన్నాథుడి గుడి కట్టించడం మొదలుపెట్టాడు. తర్వాత నరసింహదేవుడు కోణార్కం కట్టించాడు. సింహాచలం గుడి గోడలమీద తెలుగు శాసనాలూ ఉన్నాయి, ఒడియా శాసనాలూ ఉన్నాయి. ఒకే దేవుడికి దీపం పెట్టుకున్నవాళ్లు తమ తమ అక్షరాల్లో రాయించుకున్నారు. అలాంటి నేలమీద ఒక భాష పిలుపు ఇంకో భాష ఇంట్లోకి వెళ్తే దాన్ని ఎవరు అడ్డుకుంటారు?

మన బరంపురంలో ఇప్పటికీ కళ్లారా చూడదగ్గది బూఢీ ఠాకురాణి యాత్ర. రెండేళ్లకోసారి అమ్మవారు గుడి వదిలి దేశిబెహరా వీధికి వస్తుంది. అది ఆవిడ పుట్టిల్లు. దేశిబెహరా అంటే దేర నేతవాళ్ల పెద్ద. ఇక్కడి మహురి రాజులు పిలిస్తే దక్షిణాన్నుంచి వచ్చి స్థిరపడిన తెలుగు నేతవాళ్లు వాళ్లు. బరంపురం పట్టుకి ఆ పేరు తెచ్చినవాళ్లు. వాళ్ల పెద్ద అమ్మవారికి తండ్రి వరస. ఊరంతటికీ తల్లి అయిన ఒడియా దేవత, తెలుగు నేతవాళ్ల ఇంటి ఆడపడుచు. ఆవిడ పుట్టింట్లో ఉన్నన్నాళ్లూ రాత్రిళ్లు వీధులన్నీ ఘటాలతో, వేషాలతో కిక్కిరిసిపోతాయి. మా అని మొక్కేవాళ్లు ఒకరు, అమ్మా అని మొక్కేవాళ్లు ఇంకొకరు. ఈసారి యాత్రకి మీ బడికి సెలవు పెట్టించి మరీ రప్పిస్తాను.

గీతలు గీసిన రోజులూ లేకపోలేదు. గంజాం అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడింది. బరంపురం, పర్లాకిమిడి అటు వెళ్లాయి. ఇచ్ఛాపురం, సోంపేట, టెక్కలి మద్రాసులోనే ఉండి, విశాఖపట్నం జిల్లాలో కలిసి, 1950లో శ్రీకాకుళం జిల్లా అయ్యాయి. మా నాన్న ఆ రోజుల గురించి చెప్పేటప్పుడు గొంతు తగ్గించేవాడు. ఒడియావాళ్లకి అది ఎన్నో ఏళ్లు పోరాడి సాధించుకున్న ఇల్లు. తెలుగువాళ్లలో చాలామందికి గుండెకోత. పర్లాకిమిడిలో ఏళ్ల తరబడి పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి పంతులు గారు ఆ ఊరు ఒడిశాలో కలిసినప్పుడు ఇల్లు వదిలి రాజమండ్రి వెళ్లిపోయారు. సవరల భాష నేర్చుకుని వాళ్లకి వ్యాకరణం, నిఘంటువు తయారుచేసిన మనిషి ఆయన. ఏ భాషనీ చిన్నచూపు చూడనివాడికి తన భాష దిక్కులేనిదవుతుందేమోనని బాధ కలగడంలో తప్పులేదు. ఒడియావాళ్లు తమ భాషకి ఒక గూడు కావాలనుకోవడంలోనూ తప్పులేదు. నేను ఈ రెండు మాటలూ కలిపే చెప్తాను, ఒకటి వదిలేసి చెప్పను.

సరిహద్దు రాయి ఇక్కడికి పాతిక కిలోమీటర్ల లోపే పడింది. దానికి ఇటు ఒపా, అప్ప రెండూ, అటు అప్ప. ఆ రాయి పాతినవాళ్లు ఈ పిలుపుని రెండు ముక్కలు చెయ్యలేకపోయారు.

ఇక సముద్రం దాటిన సంగతి. మా చిన్నతాత గోపాల్‌పూర్ రేవులో ఓడెక్కి రంగూన్ వెళ్లాడు. ఆ కాలంలో గంజాం నుంచి, తెలుగు జిల్లాల నుంచి పనికోసం ఎంతోమంది అలాగే వెళ్లేవారు. మనవాళ్లని అక్కడ కొరంగీలు అనేవారు. 1942లో జపాను సేనలు వచ్చినప్పుడు అడవులు, కొండలు దాటి నడిచి వచ్చినవాళ్లలో ఆయన ఒకడు. ఆయన మాకు బర్మా మాటలు నేర్పేవాడు. అక్కడ తండ్రి "అఫే", తల్లి "అమే", అక్క "అమా". అమా అంటే అమ్మ కాదర్రా, అక్క అని పదేపదే చెప్పేవాడు. రంగూన్లో మొదటిరోజు అన్నం పెట్టినావిణ్ని ఒక పిల్లాడు అమా అని పిలవడం విని ఆవిడ వాడి తల్లనుకున్నాడట. అక్క అని తెలిశాక, తల్లిలా చూసుకునే అక్కలు అన్ని దేశాల్లోనూ ఉంటారని ఆయనకి అనిపించిందట.

ఇప్పుడు రంగూన్ లేదు, సూరత్ ఉంది. గంజాం పల్లెల్లో ఇంటికొక్కడు సూరత్ మరమగ్గాల మీద బతుకుతున్నాడు. అక్కడ గుజరాతీలో తల్లి "బా", అక్కచెల్లెళ్లు "బేన్". సెలవుల్లో వచ్చిన కుర్రాళ్లు ఇంటి ఎదురుగా ఉన్న ఆడపిల్లని పొరపాటున బేన్ అని పిలిచేస్తుంటారు. పొట్టకోసం వెళ్లిన చోట మొదట అంటుకునేవి వరసల మాటలే. అన్నం పెట్టినవాళ్లని, అద్దెకి గది ఇచ్చినవాళ్లని ఏదో ఒక వరస పెట్టి పిలవాలి కదా.

మన ఊళ్లో ముస్లిం ఇళ్లల్లో అక్కని ఏమంటారో తెలుసా? ఆపా. ఉర్దూలోకి ఈ మాట తురుష్క భాషల దారిలో వచ్చింది. మధ్య ఆసియాలో ఉజ్బెక్ వాళ్లు అక్కని "ఓపా" అంటారు. తాతార్లు "అపా" అంటారు. కిర్గిజ్ వాళ్లకి అదే మాట తల్లి. తాష్కెంట్లో ఒక పిల్లాడు ఓపా అని, బరంపురంలో ఇంకో పిల్లాడు ఒపా అని ఒకేసారి పిలిచినా, పలికేది వాళ్ల వాళ్ల అక్కలే.

ఇక్కడ మీరొకటి జాగ్రత్తగా వినాలి. ఒకేలా వినపడ్డంత మాత్రాన అన్నీ ఒకే చోట పుట్టాయని తీర్పు చెప్పేయకూడదు. తమిళుడూ నాన్నని అప్పా అంటాడు, కొరియావాడూ అప్పా అంటాడు కాబట్టి తమిళులే కొరియా వెళ్లారని చెప్పేవాళ్లుంటారు. ఒక్క మాట పట్టుకుని చుట్టరికం తేల్చలేం. భాషల చుట్టరికం తేలాలంటే వందల మాటల్లో శబ్దాలు ఒకే క్రమంలో మారాయని చూపించాలి, వ్యాకరణం కలవాలి. తెలుగు, తమిళం, కన్నడం, తుళు అలా కలిశాయి కాబట్టే వాటిని ఒక కుటుంబం అన్నారు.

మరి ఇన్ని దేశాల్లో ఇంత దగ్గరగా ఎందుకున్నాయి అంటే, దానికి జవాబు ఉయ్యాల్లో ఉంది. రోమన్ యాకొబ్సన్ అనే భాషాశాస్త్రవేత్త 1960 ప్రాంతంలో దీని గురించే ఒక వ్యాసం రాశాడు. పసిబిడ్డకి నాలుక ఇంకా స్వాధీనంలోకి రాదు. పెదవులు మూసి తెరిస్తే చాలు, మ, ప, బ వచ్చేస్తాయి. నోరు బాగా తెరిస్తే ఆ. అమ్మ, అప్ప, అబ్బ, మామ, బాబా అన్నీ అక్కణ్నుంచే. పాలు తాగుతూ ముక్కుతో పలికేది మ, అందుకే అది ఎక్కువచోట్ల తల్లి పాలయింది. బిడ్డకి అర్థం తెలియదు, శబ్దం చేస్తుంది. పక్కనున్న పెద్దవాళ్లు "నన్నే పిలిచింది" అని మురిసిపోయి ఆ మాట తమదని చెప్పుకుంటారు. మురిసినవాళ్లు తండ్రైతే ఒక అర్థం, అక్కైతే ఇంకో అర్థం. జార్జియా అనే దేశంలో "మామా" అంటే తండ్రి, "దేదా" అంటే తల్లి. లోకమంతటికీ తలకిందులు. అయినా అక్కడి పిల్లలు హాయిగానే పెరుగుతున్నారు.

శబ్దం ఒకటే అయి పుట్టుక వేరైనవి మన తెలుగులోనూ ఉన్నాయి. మా పెద్దప్ప పెళ్లి అప్పగింతల్లో అందరికంటే గట్టిగా ఏడ్చింది ఆ పక్కవాటా ఒడియా పిల్లాడు. ఒపా, ఒపా అంటూ బండి వెనకాల పరిగెత్తాడు. అప్పని ఇచ్చేస్తారు కాబట్టి అప్పగింతలు అన్నారని మా వీధి పిల్లలు చెప్పుకునేవారు. అది కాదు. అప్పగించడం అంటే ఒప్పగించడం. అప్పజెప్పడం, ఒప్పజెప్పడం అన్నట్టే. ఒప్పుకోవడంలో ఉన్న ఒప్పే అది. అప్పుకీ అప్పకీ కూడా సంబంధం పెట్టకండి. తినే అప్పం ఇంకో ఇంటిది. పిండితో చేసి దేవతలకి పెట్టే అపూపం అనే భక్ష్యం ఋగ్వేదంలోనే ఉంది. మన అరిసెని ఒడియావాళ్లు ఆరిసా పీఠా అంటారు. పండక్కి పళ్లాలు ఇటూ అటూ మారేటప్పుడు మాట కూడా వెంట వెళ్తుంది.

కాబట్టి తగువు తీర్పు ఇదీ. అమ్మలూ, కొరియా అప్పా కొరియా వాళ్లది. తమిళ అప్పా, మన అప్ప ఒక తల్లి బిడ్డలు. ఎదురింటి పిల్లాడి ఒపా, మన అప్ప ఒక గోడకి అటూ ఇటూ కలిసి పెరిగినవి. పుట్టుక ఎంత ముఖ్యమో, కలిసి పెరగడమూ అంతే ముఖ్యం. నేనైతే ఆ గోడ పక్క చుట్టరికాన్నే ఎక్కువ నమ్ముతాను. రక్తం లేని చోట కూడా ఒక పిలుపు మనిషిని మనిషికి బాధ్యుణ్ని చేస్తుందని నా కళ్లతో చూశాను. మా పెద్దప్ప పోయినప్పుడు కబురు అందిన గంటకల్లా వచ్చి, పాడె మోయడానికి నా పక్కన నిలబడ్డది ఆ ఒడియా తమ్ముడే.

నాకున్న దిగులు ఒక్కటే. ఈ ఊళ్లో తెలుగు బడులు తగ్గిపోయాయి. తెలుగు చదవడం రాని తెలుగు పిల్లలు ఎక్కువయ్యారు. చదువు పోయినా పిలుపు మిగులుతుందనుకున్నాను. ఇప్పుడు పిలుపులు కూడా పోతున్నాయి. మేనత్త, పినతల్లి, మేనమామ, పెదనాన్న అందరూ ఆంటీ, అంకుల్ అయిపోతున్నారు. ఒడియా ఇళ్లల్లోనూ ఇదే కథ. నానీ, ఒపా పోయి దీదీ వస్తోంది. వచ్చే మాటని నేను వద్దనను. మాటలు రావడం వల్లే మనం ఇంత దూరం వచ్చాం. ఉన్నదాన్ని పారేసుకోవద్దు, అంతే.

రేపు పొద్దున్న ఇద్దరూ ఒక నోటుబుక్కు తీసుకోండి. మన ఇంట్లో ఎవరిని ఏమని పిలుస్తామో రాయండి. తర్వాత ఎదురింటికి వెళ్లి వాళ్లు ఏమంటారో అడిగి పక్కనే రాయండి. మసీదు వీధిలో మీ స్నేహితుడి ఇంట్లో అడిగి మూడో వరసలో రాయండి. మీ అమ్మకి చదివి వినిపించండి, మరిచిపోయినవి ఆవిడ చెప్తుంది. చిన్నోడా, నువ్వు మాత్రం ఈ రాత్రి నుంచే మీ అక్కని పేరు పెట్టి పిలవడం మానెయ్యి. నీకంటే ముందు పుట్టింది. అప్పా అని పిలువు.